తడవకూడని పెట్టె

పెట్టె పొడిగా ఉంది. దాన్ని తయారుచేసినవాడే నీళ్ళలో తేలుతున్నాడు.

వర్క్‌షాపు మధ్యలోని టెస్ట్ ట్యాంకులో నీళ్ళు మనిషి భుజాల దాకా వస్తాయి. చీఫ్ డిజైనర్ అందులో బోర్లా పడి ఉన్నాడు. కళ్ళజోడు అడుగున ఉంది. పక్కనే తాడుకు వేలాడుతూ ఒక అల్యూమినియం పెట్టె మునిగి ఉంది. దాన్ని పైకి లాగి మూత విప్పితే, లోపల పెట్టిన టిష్యూ కాగితం మీద తడి మరకైనా లేదు.

లేచి నిలబడితే తల బయట ఉండే నీళ్ళవి. వాటిలో మునిగి చచ్చిపోయాడంటే ఎవరో పట్టుకుని ముంచారన్నమాట.

అతను అలా పడి ఉన్నప్పుడు తీసిన ఫోటో ఇప్పుడు ముంగిస చేతిలో ఉంది.

ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరు. అతను కూర్చున్న కారు ఆటోమేటిక్ కార్‌వాష్ లోపల ఆగి ఉంది. నాలుగు పక్కలా బ్రష్షులు గిరగిరా తిరుగుతున్నాయి. ఎంత మంచి మైకు పెట్టినా లోపలి మాట బయటికి పోని చోటు అది. వెనక సీట్లో, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, డిపార్ట్‌మెంట్ అధిపతి కూర్చున్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"హాస్పిటల్ షిప్ ఒకటి ఇటు వస్తోంది" అన్నాడు పెద్దాయన. "భూకంపం వచ్చిన దీవి నుంచి. దెబ్బలు తిన్నవాళ్ళు, బాలింతలు, పసిపిల్లలు. వెనకాలే తుఫాను."

"వస్తే మంచిదేగా సార్."

"హార్బర్‌లోకి వచ్చే చానెల్ నిండా మైన్లు పరిచారు."

"ఎవరు?"

"కొక్కెం."

ముంగిస ఫోటో కిందికి దించాడు. కొక్కెం విదేశీ ముఠా. రేవులు మూయించడం, ఓడలు ముంచడం దాని వృత్తి. ఏ దేశం తరఫున చేస్తోందో ఆ దేశానికే సరిగ్గా తెలియదంటారు.

"హాస్పిటల్ షిప్ మీద వాళ్ళకేం కక్ష సార్?"

"కొక్కెం నుంచి తప్పించుకున్నవాడొకడు అందులో ఉన్నాడు. మన మధ్య తిరిగే వాళ్ళ మనుషుల్ని మొహం చూసి గుర్తుపడతాడు. వాణ్ణొక్కణ్ణి ముంచడానికి వందల మందిని ముంచుతారు."

"షిప్పుని బయటే ఆపితే?"

"ఒక ఇంజన్ పోయింది. తుఫాను ముందు ఆగితే తిరగబడుతుంది. సాయంత్రం పోటు మీద లోపలికి రావలసిందే."

"డైవర్లు?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అద్దం మీద జారుతున్న సబ్బు నురగను చూస్తూ ఉండిపోయాడు. డైవర్ల సంగతి ముంగిసకు అర్థమైంది.

"మిగిలింది రోబో బోటు" అన్నాడు పెద్దాయన. "మనుషులుండరు. షిప్పు ఇంజన్‌లా మోత చేసే యంత్రాన్ని పొడుగాటి కేబుల్‌తో వెనక ఈడ్చుకుంటూ పోతుంది. మైన్లు ఆ మోత విని పేలతాయి. బోటు అప్పటికే ముందుకు పోయి ఉంటుంది. చెప్పుకోడానికి బాగుంది."

"చేసి చూస్తే?"

"రెండు బోట్లు పంపాం. రెండూ చానెల్ మధ్యలో చచ్చాయి. ఎలక్ట్రానిక్స్ పెట్టెలోకి నీళ్ళొచ్చాయి. పెట్టె తడిస్తే బోటు కట్టెతో సమానం. ఇక ఒక్క బోటే ఉంది. చీఫ్ డిజైనర్ కారణం కనిపెట్టినట్టున్నాడు. కనిపెట్టిన పూటే పోయాడు. ఇప్పుడు పనంతా అతని అసిస్టెంట్ నెత్తిన పడింది. ఆవిణ్ణి బతికించు. పెట్టెను పొడిగా ఉంచు. లోపలి దొంగని పట్టుకో."

"ఏది ముందు సార్?"

"మూడూ ముందే."

పెద్దాయన ఒక సంచీ అందించాడు. దళసరి కళ్ళజోడు, అంటించుకునే మీసం, రబ్బరు సీళ్ళ ఇన్‌స్పెక్టర్ అని ఐడీ కార్డు. ఒక పెన్ను. దాని ఇంకు మామూలు వెలుతురులో కనపడదు. పెన్ను క్యాప్‌లోంచి వచ్చే ఊదారంగు లైటు పడితే పచ్చగా మెరుస్తుంది.

"లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి. కేబుళ్ళ కంపెనీ ప్రతినిధిగా వస్తుంది. 'మీ గొడుగు కారుతోంది' అను. 'కారేది ఆకాశం' అంటుంది. ఆమెను కొక్కెంలోకి మనమే పంపాం."

"నమ్మొచ్చా?"

"ఆమెను మన దగ్గరికి తామే పంపామని కొక్కెం అనుకుంటోంది." బ్రష్షులు ఆగాయి. "ఎవరో ఒకరు పొరబడ్డారు."

ముంగిస దిగి తలుపు వేయబోతుంటే పెద్దాయన మెల్లగా అన్నాడు.

"ఆ అసిస్టెంట్ మీ అక్క. ముందు చెబితే కారు దిగేవాడివి కాదు."

కారు వెళ్ళిపోయింది.

* * *

ఒకప్పుడు బస్సులకు బాడీలు కట్టిన షెడ్డు అది. గట్టు అంచునే ఉంది. రేకుల మీద వాన టపటపా మొదలైంది. లోపల రెజిన్ వాసన, కాలిన సోల్డర్ వాసన. తాగి వదిలేసిన టీ గ్లాసుల్లో ఈగలు. నారింజ రంగు ఫైబర్‌గ్లాస్ బోటు దిమ్మల మీద కూర్చుని ఉంది. దాని కడుపు తెరిచి ఉంది. పెట్టె కూర్చోవలసిన చోటు ఖాళీ.

అక్క బల్ల దగ్గర వంగి ఉంది. జుట్టులో పెన్సిలు గుచ్చుకుంది. చేతుల నిండా గ్రీజు.

"నమస్కారం మేడమ్" అన్నాడు ముంగిస, గొంతు బొంగురు చేసి. "రబ్బరు సీళ్ళ ఇన్‌స్పెక్షన్."

అక్క తలెత్తి ఒక్కసారి చూసింది. మళ్ళీ పనిలో పడింది.

"కుడిపక్క మీసం ఊడుతోంది. అద్దుకో."

ముంగిస అద్దుకున్నాడు.

"ఇన్సూరెన్స్ అమ్ముతున్నావనుకున్నాం కదరా ఇన్నేళ్ళూ" అంది అక్క, గొంతు తగ్గించి.

"అదీ చేస్తున్నాను."

"మీ బావ పేరు మీద పాలసీ రాశావు. అదైనా నిజమైనదేనా?"

ముంగిస నేల చూశాడు.

"సరేలే. దానితో పని పడకపోతే చాలు." ఆమె గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుంది.  "ఆ షిప్పులో డాక్టరు మీ బావేరా."

 పెద్దాయన చెప్పనివి ఇంకా ఏమేం ఉన్నాయో అనుకున్నాడు ముంగిస.

"ఏడవడానికి టైము లేదు, ఇటు రా" అంది అక్క. "ఇదిగో పెట్టె. మూతకీ ఒంటికీ మధ్య గాడి. గాడిలో రబ్బరు రింగు. బోల్టులు బిగిస్తే రింగు నలిగి సందు మూసేస్తుంది. లోపలి వేడి పోవడానికి పక్కన ఈ రెక్కలు. కేబుళ్ళు దూరే చిల్లుల దగ్గర, వాటి చుట్టూ బిగుసుకునే గ్లాండులు. చిన్న పంపుతో లోపలి గాలి లాగేసి చూశాను. గేజి ముల్లు కదల్లేదు. ట్యాంకులో ముంచాను. చుక్క రాలేదు. సముద్రంలోకి పోగానే మాత్రం నీళ్ళొస్తాయి."

"ఎందుకు?"

"తెలిస్తే ఇలా ఉంటానా? మొదటి బోటు పోయింది, రింగు మార్చాను. రెండోది పోయింది, గ్లాండులు మార్చాను. మా సారు పోయారు. ఇక మార్చడానికి నేనే మిగిలాను."

షెడ్డు తలుపు దగ్గర మడమల చప్పుడైంది.

వచ్చినామె బూడిదరంగు పొడుగు కోటు వేసుకుంది. కోటు ఎద మీద వెండి బ్రూచ్. చెవులకు ముత్యాలు. ఆ గ్రీజు మధ్య ఆమె నడిచొస్తుంటే, మురికి దానంతటదే పక్కకి తప్పుకున్నట్టనిపించింది.

"కేబుల్ ఎలా ఉందో చూడ్డానికొచ్చాను" అంది అక్కతో. "మీ సారు గురించి విన్నాను. చాలా బాధేసింది."

ముంగిస ఆమె చేతిలోని గొడుగు వైపు చూశాడు. "మీ గొడుగు కారుతోంది."

"కారేది ఆకాశం" అంది ఆమె నవ్వకుండా.

ఇద్దరూ రెజిన్ డ్రమ్ముల వెనక్కి నడిచారు. నెమలి తొందరగా చెప్పింది.

"కొక్కెం మనిషి క్రేన్ డ్రైవర్. బోటుని నీళ్ళలోకి దించేటప్పుడు పెట్టె మూతకి దెబ్బ తగిలేలా దించుతాడు. రెండుసార్లూ అదే జరిగింది. మీ డిజైనర్‌ని ముంచింది కూడా వాడే."

"రుజువు?"

"షిప్పు మునిగాక ఇస్తాను. చాలా?"

ముంగిస ఇంకేమీ అడగలేదు. టైము ఉంటే అడిగేవాడేమో. బావ మొహం కళ్ళ ముందు ఆడుతుంటే టైము ఉన్నట్టు ఎవరికనిపిస్తుంది? క్రేన్ డ్రైవర్ బయట బెంచీ మీద బన్ను తింటున్నాడు. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే ముంగిస అతని చెయ్యి వెనక్కి విరిచి, పెయింట్ రూమ్‌లోకి తోసి గడియ పెట్టాడు. చాలా వేగంగా, శుభ్రంగా చేసిన పని. తిరిగొచ్చేసరికి నెమలి లేదు.

"దొంగ దొరికాడక్కా" అన్నాడు.

"ఎవరు?"

"క్రేన్ డ్రైవర్. పెయింట్ రూమ్‌లో పెట్టాను."

అక్క చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టింది.

"మరి బోటుని నీళ్ళలోకి ఎవరు దింపుతారు? మీ తాతా?"

"మన తాత, అక్కా."

"నోర్ముయ్. దించేటప్పుడు నేను రెండుసార్లూ బోటు పక్కనే నిలబడ్డాను. కోడిగుడ్డుని దింపినట్టు దింపాడు. ఎవరు చెప్పారు నీకు?"

ముంగిస తలుపు వైపు చూశాడు, నెమలి అయిపులేదు.  జేబులోంచి చీఫ్ డిజైనర్ ఫోటో తీసి బల్ల మీద పరిచాడు.

"మీ సారు ఏం కనిపెట్టాడు? చూడు."

అక్క ఆ ఫోటో వైపు చూడలేక ముందు మొహం తిప్పుకుంది. తర్వాత చూసింది. వంగి, ఇంకా దగ్గరగా చూసింది.

"కేబుళ్ళు లేవు" అంది.

"అంటే?"

"పెట్టెకి కేబుళ్ళు తగిలించలేదు. చిల్లులన్నిటికీ బిరడాలు బిగించేశారు. ఉత్త పెట్టెని ముంచారు." ఆమె గొంతు మారిపోయింది. "నేను పెట్టెని ముంచినప్పుడల్లా కేబుళ్ళు ట్యాంకు అంచు మీదుగా బయటికి వేలాడేవి, పొడిగా. సముద్రంలో కేబుల్ నీళ్ళలో ఉంటుంది. ఒరేయ్, పెట్టెలో తప్పు లేదురా. ఆ సంగతి తేల్చుకోడానికే ఆయన ఉత్త పెట్టెని ముంచారు."

ఆమె మనిషిలా కాదు, గాలిలా కదిలింది. పెట్టెకు కేబుల్ బిగించింది. ఈసారి పెట్టెను బల్ల మీద ఉంచి, కేబుల్ చుట్టను ట్యాంకులోకి తోసింది. ముంగిస పెన్ను విప్పి ఇంకంతా ఆ నీళ్ళలో పోశాడు. అక్క పంపుతో పెట్టెలోని గాలి కొంచెం లాగింది.

"ఎండలో పెట్టె వేడెక్కుతుంది. చల్లటి సముద్రంలో పడగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. అప్పుడు ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి పీలుస్తుంది, పసిబిడ్డ పాలు పీల్చినట్టు."

ఇద్దరూ నిలబడి చూశారు. బయట గాలి రేకుల్ని పట్టి ఊపుతోంది. ఎక్కడో దూరంగా షిప్పు కూత వినపడింది. అక్క కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి మూత విప్పింది.

ముంగిస ఊదారంగు లైటు వేశాడు. పెట్టె లోపల, కేబుల్ కొసన, రాగి పోగుల మధ్య నుంచి పచ్చటి చుక్క ఒకటి ఊరి నిలబడింది. వాళ్ళు చూస్తుండగానే బోర్డు మీద పడింది.

పెట్టె బల్ల మీదే ఉంది. నీళ్ళు లోపలికి వచ్చేశాయి.

"తీగలోంచి" అంది అక్క. "పోగుల మధ్య సందుల్లోంచి. దీపంలో వత్తి నూనె లాగినట్టు లాగుతోంది."

ముంగిస ట్యాంకులోంచి కేబుల్ లాగి లైటు పట్టాడు. నల్లటి తొడుగు మీద వరసగా పచ్చటి చుక్కలు మెరిశాయి. సూదితో గుచ్చిన చిల్లులు. రీలు మీద మిగిలిన కేబుల్ కూడా విప్పి చూశాడు. దానికీ అవే చిల్లులు.

కేబుల్ తెచ్చింది ఎవరు? బూడిదరంగు కోటు మీద వెండి బ్రూచ్, దాని వెనక పొడుగాటి పిన్ను. ముంగిసకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"వేరే కేబుల్?"

"లేదు."

"అయితే?"

"అడ్డుకట్ట వేస్తాను. పోగుల మధ్య సందు ఉంటుంది. కడ్డీలో సందు ఉండదు కదా. తీగని పెట్టె మొదట్లో కోసి, మధ్యలో ఇత్తడి కడ్డీ ముక్కలు సోల్డర్ చేసి, చుట్టూ ఎపాక్సీ జిగురు పోస్తే నీళ్ళు ఎంత పాకినా అక్కడ ఆగిపోతాయి. ఎపాక్సీ గట్టిపడ్డానికి రోజు పడుతుంది."

"రోజు లేదక్కా."

"తెలుసు. హీట్ గన్ తీసుకురా."

ఆమె కోసింది, ఒలిచింది, అతికింది. వేడి కడ్డీ వేళ్ళను కాల్చినా చెయ్యి తియ్యలేదు. ఉన్న ఎపాక్సీ అంతా అచ్చులో పోసేసింది. డబ్బా అడుగు కూడా గీకింది. ముంగిస హీట్ గన్ పట్టుకున్నాడు. గట్టిపడుతున్న జిగురు కంపుకి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కంపు వల్ల వచ్చినవేనని ఇద్దరూ నటించారు.

"బోర్డు తుడిచాను, పనిచేస్తోంది" అంది అక్క, మూత బోల్టులు బిగిస్తూ. "కానీ దీన్ని ఇంకాసేపు కదపకూడదు."

"కదపక్కర్లేదు" అంది వెనక నుంచి నెమలి.

ఆమె చేతిలో పిస్తోలు చిన్నది. ముత్యాల పక్కన నగలాగే ఉంది. కోటు మీద బ్రూచ్ లేదు.

"ఇద్దరూ పెట్టె దగ్గర్నుంచి జరగండి."

"మా సారు మీకేం చేశారమ్మా?" అంది అక్క.

నెమలి పిస్తోలు దించకుండానే చెప్పింది. "ఏమీ చెయ్యలేదు. నవ్వుతూ నా దగ్గరికే వచ్చాడు. 'మీ కేబుల్లో లోపం ఉందమ్మా, మీ కంపెనీవాళ్ళు మిమ్మల్ని ఏమైనా అంటారేమో, నేను మంచిగా రాసిస్తాను' అన్నాడు."

అక్క పెదవి కొరుక్కుంది. కన్నీళ్ళు ఆగలేదు. ఈసారి జిగురు మీద తోయడానికి లేదు.

"ఎవరి ఉప్పు తింటున్నావు నువ్వు?" అన్నాడు ముంగిస.

"ఇద్దరిదీ తిన్నాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళకి ఏ పడవ కదిలినా చావే. ఆ షిప్పులో ఉన్నవాడికి నా మొహం తెలుసు. వాడు గట్టెక్కితే నేను మునిగినట్టే." పిస్తోలు పెట్టె మీదికి తిరిగింది. "జరగండి."

అక్క జరగలేదు. పెట్టె మీదికి వంగి దాన్ని రెండు చేతులతో చుట్టేసింది.

"కాల్చు" అంది.

ఆ ఒక్క మాటకి నెమలి కళ్ళు చలించాయి. ముంగిసకు అది చాలు. చేతిలోని హీట్ గన్‌తో ఆమె మణికట్టు మీద కొట్టి తనూ దూకాడు. పిస్తోలు పేలింది. ఇద్దరూ వెళ్ళి ట్యాంకులో పడ్డారు. ఆమె గోళ్ళు అతని మెడను చీల్చాయి. మీసం ఎక్కడో పోయింది. అతను ఆమెను అడుక్కి అదిమి పట్టాడు. బుడగలు పైకి వచ్చాయి. ఇంకొంచెంసేపు అలాగే పట్టుకుంటే సరిపోతుంది. ఆ ఫోటో గుర్తొచ్చింది. ఆ నీళ్ళలో ఇంకొకరు చావడం అతనికి నచ్చలేదు. జుట్టు పట్టి పైకి లాగాడు.

దగ్గుతున్న నెమలిని ట్యాంకు పైపుకు బేడీ వేసి వెనక్కి తిరిగితే, అక్క నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. పెట్టెను చూస్తోంది.

బుల్లెట్ మూత మూల నుంచి దూరి, పక్క రెక్కల మధ్య నుంచి బయటికి పోయింది. బోర్డుకు తగల్లేదు. కానీ నీళ్ళు రాకూడని పెట్టెకి ఇప్పుడు రెండు చిల్లులు.

"ఎపాక్సీ?"

"అయిపోయింది."

షిప్పు మళ్ళీ కూసింది. ఈసారి దగ్గరగా.

* * *

మూత మీది చిల్లుకి రెండు రబ్బరు వాషర్లతో బోల్టు బిగించారు. అది ఆగింది. రెక్కల మధ్య చిల్లు వంకరగా చీలింది. అక్కడ బోల్టు కూర్చోదు. పుట్టీ ముద్ద పెడితే, వేలు తియ్యగానే జారిపోతోంది.

"వేలు తియ్యకపోతే?" అన్నాడు ముంగిస.

అక్క అతని వంక చూసింది. అర్థమైంది.

"వద్దురా."

"మోత చేసే యంత్రం బోటుకి చాలా వెనక ఉంటుందన్నారు కదా. మైను అక్కడ పేలుతుంది."

"అక్కడ పేలితే అదృష్టం. ఏదో ఒకటి బోటు శబ్దానికే లేస్తే?"

"బావని నువ్వే పెళ్ళి చేసుకున్నావు. నేను వద్దన్నాను. ఇప్పుడు ఆయన్ని గట్టెక్కించాలంటే వేరే దారేముంది?"

అక్క అతని తడి జుట్టు పట్టుకుని గట్టిగా లాగింది, చిన్నప్పుడు తిట్టే ముందు లాగినట్టు. తిట్టు రాలేదు.

పెయింట్ రూమ్ గడియ తీస్తే క్రేన్ డ్రైవర్ మోచేతుల దాకా నీలిరంగుతో బయటికొచ్చాడు. బేడీలో ఉన్న నెమలిని, చిల్లుపడ్డ పెట్టెను, ముంగిసను వరసగా చూశాడు.

"తిట్లు తర్వాత తిడతాను" అన్నాడు. "బోటు దింపాలా?"

కోడిగుడ్డుని దింపినట్టే దింపాడు.

ముంగిస బోటు కడుపులో బోర్లా పడుకున్నాడు. కుడి అరచెయ్యి పుట్టీ ముద్ద మీద. చెవిలో వైర్‌లెస్. గట్టు మీద రిమోట్ పట్టుకుని అక్క, పక్కన గొడుగు లేకుండా తడుస్తూ పెద్దాయన. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

మోటారు గుర్రుమంది. అలలు బోటును ఎత్తి కొడుతున్నాయి. ప్రతి అలా అతని మీద నుంచే పోతోంది. ఉప్పునీళ్ళు కళ్ళలో, నోట్లో. అల్యూమినియం రెక్కలు అరచేతిని కోస్తున్నాయి.

"చానెల్‌లోకి వచ్చావు" అంది అక్క గొంతు. "మోత ఆన్ చేస్తున్నా."

వెనక నీళ్ళ అడుగున షిప్పు ఇంజన్ లాంటి గుడగుడ మొదలైంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సముద్రం లేచి నిలబడింది. తెల్లటి నీటి స్తంభం, దాని వెనకే చప్పుడు. బోటు మనిషెత్తు ఎగిరి పడింది.

"ఉన్నావా?"

"ఉన్నాను."

ఇంకొకటి పేలింది. మరొకటి. చప్పుళ్ళు లెక్కపెట్టడం మానేశాడు. ముందు వానతెర చీలి, హార్బర్ బయట షిప్పు కనపడింది. ఒక పక్కకి ఒరిగి, పొగ కక్కుతూ, నేరుగా చానెల్ నోట్లోకి వస్తోంది. దానికి ఆగడం చేతకాదు.

"రిమోట్‌లో తేమ చూపిస్తోంది" అంది అక్క.  "లోపల నీళ్ళున్నాయి. గట్టిగా నొక్కు."

"నొక్కుతూనే ఉన్నాను."

చెయ్యి మొద్దుబారింది. నొక్కుతున్నాడో లేదో అతనికే తెలియడం లేదు. మోటారు ఒకసారి నత్తినత్తిగా ఆగి మళ్ళీ అందుకుంది.

"బోర్డు అంచు దాకా వచ్చాయి. చిన్నా, విను. పెట్టెని పట్టి ఉంచిన బెల్టులున్నాయి. అవి కోసెయ్. పెట్టెని నీ మీదికి వంచుకో. నీళ్ళన్నీ చిల్లు ఉన్న మూలకి చేరతాయి. బోర్డు పైకి ఉంటుంది."

అతను ఎడమ చేత్తో, పళ్ళతో బెల్టులు తెంపాడు. పెట్టెను ఛాతీ మీదికి లాక్కుని వెల్లకిలా తిరిగాడు. లోపల నీళ్ళు కదిలి ఒక మూలకి చేరిన శబ్దం గుండె మీదే వినపడింది. మోటారు నత్తి ఆగింది.

షిప్పు ఎదురుగా ఉంది. దాని మీద దుప్పట్లు కప్పుకున్న మనుషులు కనపడుతున్నారు. మధ్యలో ఇంకా కొంత నీరు. ఆ నీటి అడుగున ఏముందో తెలియదు.

"పక్కకి తిప్పితే నువ్వు బతుకుతావు" అంది అక్క. "ముందుకి పోనిస్తే వాళ్ళు బతుకుతారు. నాకు చేతకావడం లేదురా. ఒకపక్క మొగుడు, ఒకపక్క తమ్ముడు."

"ముందుకే పోనీ అక్కా."

వైర్‌లెస్‌లో ఏడుపు వినపడింది. మోటారు వేగం పెరిగింది.

బోటు షిప్పు ముక్కు ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయింది. వెనక కేబుల్, ఆ కేబుల్ కొసన మోత. చివరి మైను బోటు శబ్దానికే లేచింది. షిప్పు ముక్కుకి అవతల, దాదాపు తగులుతున్నంత దగ్గరలో. ఆ నీళ్ళు షిప్పు డెక్ మీద వానలా కురిశాయి. బోటు రెండు ముక్కలైంది. ముంగిసకు ఆ తర్వాత శబ్దమన్నది లేదు. పెట్టెను కావలించుకుని చల్లటి పచ్చదనంలోకి దిగిపోతున్నాడు. వదలాలని కూడా తోచలేదు. ఎవరో పడవలోంచి వంగి అతని కాలర్ పట్టుకుని పైకి లాగారు. ఆ చెయ్యి మోచేతి దాకా నీలంగా ఉంది.

* * *

మర్నాడు ఉదయం షిప్పులోనే, వార్డులో, బావ అతని అరచేతికి కుట్లు వేస్తున్నాడు. రాత్రంతా వేరేవాళ్ళకి వేసి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో తిడుతున్నాడని పెదవులు చూస్తే తెలుస్తోంది. అక్క మంచం కాళ్ళ దగ్గర కూర్చునే నిద్రపోయింది, కాలిన వేళ్ళకి కట్టుతో. మునిగిన పెట్టె మీద బెంగ ఆమెకు లేదు. పైనున్న మంచాల నుంచి పసిపిల్లల ఏడుపు వినిపిస్తుంటే నిద్ర బాగా పడుతోందని బావతో అందట.

కొక్కెం నుంచి పారిపోయి వచ్చినవాడు నెమలిని చూసీ చూడగానే గుర్తుపట్టాడు. దాచడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి, ఆమె మిగతా వాళ్ళ పేర్లన్నీ తనే చెప్పేసింది. చీఫ్ డిజైనర్ పేరు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిందట.

పెద్దాయన వచ్చాడు. అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ముంగిస చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా ఏదో చెప్పాడు.

"ఏంటి సార్?" అన్నాడు ముంగిస. తన గొంతు తనకే వినపడక, కొంచెం పెద్దగానే అన్నాడు.

పెద్దాయన మళ్ళీ చెప్పాడు.

"ఏంటి?"

డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియకూడని ఆ రహస్యాన్ని, మూడోసారికి, వార్డులోని పేషెంట్లందరూ స్పష్టంగా విన్నారు.